థర్మామీటరుతో బయలుదేరితే: ఆస్టిన్ చుట్టుపక్కల ఫ్లై గాలానికి ఆరు రోజులు

ఫ్లై ఫిషింగ్ అనగానే మంచుకొండలు, చన్నీటి ఏరు, ట్రౌట్ చేప కళ్ళకు కడతాయి. నడి టెక్సస్‌లో అలాంటివి వెతకనక్కర్లేదు. ఇక్కడున్నవి సున్నపురాయి మీదా గ్రానైట్ మీదా పారే వెచ్చని ఏళ్ళు, ఆనకట్టల వెనక నిలిచిన సరస్సులు, వాటిలో బాస్, సన్‌ఫిష్, కార్ప్. ఆస్టిన్, రౌండ్‌రాక్, సీడర్‌పార్క్‌లలో ఉంటున్న మనవాళ్ళకు రెండు గంటల దూరంలో ఏడాది పొడుగునా గాలం వేయగల నీళ్ళున్నాయి. ఏ నెలలో ఏ నీటికి వెళ్ళాలో తెలియకే చిక్కంతా. ఆగస్టు మిట్టమధ్యాహ్నం సరస్సు గట్టున నిలబడి, ఇక్కడ చేపల్లేవని తేల్చేసి రాడ్ అటకెక్కించినవాళ్ళు చాలామంది. చేప ఉంటుంది. నీటి వేడిని బట్టి చోటు మారుస్తుంది. అందుకే కింద ఏ రోజు గురించి చెప్పినా ముందు నీటి ఉష్ణోగ్రతే చెప్పాం, ఇక్కడి అలవాటు ప్రకారం ఫారెన్‌హీట్‌లో. పది డాలర్ల థర్మామీటరుకు పురికొస కట్టి బెల్టుకు వేలాడదీసుకోండి. నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, బయటికి తీసిన వెంటనే చూడాలి.

సరంజామా సంగతి. మామూలు గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే కొక్కేనికి కట్టిన ఈకలు, వెంట్రుకలు, ఓ నురగముక్క. దానికి బరువే లేదు. బరువంతా లావుపాటి దారానిదే, ఆ దారమే ఫ్లైని మోసుకెళుతుంది. రాడ్ల మీద వేసే నంబరు ఈ దారం బరువును చెబుతుంది: 5 నంబరు దారం మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. 7 నంబరుది 185 గ్రెయిన్లు, 12 గ్రాములు. ఈ మూడు గ్రాముల తేడా చిన్నదేం కాదు. గాలిని అడ్డుకునే పెద్ద ఫ్లైని 5 నంబరు దారం ముందుకు తిప్పలేక నడిమధ్యలో కుప్పగా పడేస్తుంది. 9 అడుగుల రాడ్లు రెండు, 5 ఒకటీ 7 ఒకటీ ఉంటే ఈ ఆరు రోజులూ గడిచిపోతాయి.

లైసెన్సు: టెక్సస్ నివాసికి మంచినీటి ప్యాకేజీ 30 డాలర్లు. ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో చెల్లిపోతుంది. 17 ఏళ్ళ లోపు పిల్లలకు అక్కర్లేదు.

మొదటి రోజు: ఫిబ్రవరి చివరి వారం, కొలరాడో బెండ్. నీరు 54 నుంచి 60

ఈ కొలరాడో, గ్రాండ్ కాన్యన్‌ను కోసిన కొలరాడో కాదు. టెక్సస్‌లోనే పుట్టి టెక్సస్‌లోనే సముద్రంలో కలిసే వేరే నది. ఆస్టిన్ నుంచి వాయవ్యంగా రెండు గంటలు నడిపితే కొలరాడో బెండ్ స్టేట్ పార్కు వస్తుంది. చలికాలమంతా దిగువన బుకానన్ సరస్సులో ఉన్న వైట్ బాస్ ఈ రోజుల్లో గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతుంది. పులస గోదావరికి ఎదురెక్కడం తెలిసినవాళ్ళకు ఈ సంబరం వేరే చెప్పక్కర్లేదు. పార్కు పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఈ రెండు మూడు శనివారాలు చోటు దొరకదు.

నీరు 54 దాటగానే మగచేపలు వస్తాయి, 10 నుంచి 12 అంగుళాలవి. 58, 60కి చేరేసరికి పొట్టలు నిండిన ఆడచేపలు వెనకే వస్తాయి. పొద్దున్నే నీరు చల్లగా ఉన్నప్పుడు చేప లోతు మడుగుల అడుగున ఉంటుంది. పొద్దెక్కాక పరవళ్ళు మడుగులోకి దూకే చోటికి, కంకర తేలిన చోటికి చేరుతుంది. ఎగువన వాన తక్కువై ఏరు సన్నగిల్లిన ఏడాది ఈ పరుగు బలహీనంగా ఉంటుంది. కాబట్టి బయలుదేరే ముందు శాన్‌సాబా దగ్గరి నీటి కొలత చూసుకోవాలి. అమెరికా భూగర్భ సర్వే వారి వెబ్‌సైటులో గంట గంటకూ కనిపిస్తుంది.

ఈ రోజుకు ఒకే ఫ్లై చాలు, క్లౌజర్ మిన్నో. పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది మీద చేపలు పట్టే బాబ్ క్లౌజర్ 1980లలో దీన్ని రూపొందించాడు. 6 నంబరు కొక్కెం (నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది) తీసుకుని, దారం కట్టే దాని కంటికి కాడ పొడవులో పావు వంతు వెనక, కాడ పైభాగాన డంబెల్ ఆకారపు లోహపు కళ్ళు పెట్టి దారంతో పది పన్నెండు సార్లు ఎనిమిది అంకెలా చుట్టాలి. తర్వాత కళ్ళకూ కాడకూ మధ్య అడ్డంగా నాలుగు చుట్లు బిగించి, ఒక చుక్క జిగురు వేయాలి. బరువు పైన ఉండటం వల్ల నీళ్ళలో ఫ్లై తలకిందులై కొక్కెపు మొన పైకి తిరుగుతుంది, రాళ్ళకు తగులుకోదు. తెల్ల జింకతోక వెంట్రుకలు ఇరవై, రెండు అంగుళాల పొడవున కట్టి, కొక్కేన్ని తిప్పి, మెరుపు పోగులు నాలుగు, వాటి మీద చిలకాకుపచ్చ వెంట్రుకలు ఇరవై. కొత్తవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు. ఇరవైకి బదులు అరవై కడతారు. గుబురుగా అందంగా ఉంటుంది గానీ మునగదు, లాగినప్పుడు గిర్రున తిరిగి లీడర్‌ను, అంటే లావు దారానికీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారాన్ని, పురిపెడుతుంది.

ఏటికి అడ్డంగా, కొంచెం ఎగువకు వేయండి. అయిదు లెక్కపెట్టి లాగడం మొదలుపెట్టండి: అర అడుగు, అర అడుగు, అర అడుగు, ఆగడం. అప్పుడప్పుడు ఫ్లై కంకరకు టిక్కున తగలాలి. తగలకపోతే ఎనిమిది లెక్కపెట్టండి. చేప పట్టేది దాదాపు ఎప్పుడూ ఆగిన క్షణంలోనే. అప్పుడు రాడ్ పైకెత్తకూడదు. దారాన్ని చేత్తో వెనక్కి గట్టిగా గుంజాలి. రాడ్ ఎత్తితే ఫ్లై చేప ఉన్న లోతు నుంచి పైకి లేచిపోతుంది. దారం గుంజితే, చేప తప్పించుకున్నా ఫ్లై అదే లోతులో ఉంటుంది, వెనక వచ్చే రెండో చేప పడుతుంది.

లోహపు కళ్ళ ఫ్లై వేసేటప్పుడు ఓ ప్రమాదం ఉంది. ఒక్కసారి రాడ్ కొనకు కొట్టుకుంటే గ్రాఫైట్‌లో కంటికి కనిపించని గాటు పడుతుంది, నెల తర్వాత చిన్న చేపకే ఫట్‌మని విరుగుతుంది. అందుకని వెనక్కి వేసేటప్పుడు పక్కవాటుగా, ముందుకు వేసేటప్పుడు తల మీదుగా, రాడ్ కొన గుడ్డు ఆకారంలో తిరిగేలా నిదానంగా విసరాలి. కళ్ళజోడు తప్పనిసరి.

రోజుకు మనిషికి 25, ఒక్కోటి 10 అంగుళాలకు తగ్గకూడదు. ఇంటికి తెచ్చుకునేవి పట్టగానే మొప్పలు కోసి నెత్తురు కార్చి ఐసులో పెట్టాలి. తోలు తీశాక కండ పక్కన నడుమంతా సాగే ఎర్రటి చారను కత్తితో చెక్కి పారేయండి. నీచు వాసన అంతా అందులోనే ఉంటుంది. మిగిలిన తెల్ల కండ గట్టిగా ఉంటుంది, పులుసు కంటే వేపుడుకు బావుంటుంది.

రెండో రోజు: ఏప్రిల్ మూడో వారం, లేడీ బర్డ్ సరస్సు. నీరు 68 నుంచి 72

కారు ఎక్కువ నడపనక్కర్లేని రోజు. ఆస్టిన్ నడిబొడ్డున, 1960లో కట్టిన ఆనకట్ట వెనక ఉన్న సరస్సు ఇది. 2007 దాకా టౌన్ లేక్ అనేవారు. ఇంజను పడవలకు అనుమతి లేదు, ఈతా నిషేధమే. గట్టు మీద నుంచి గానీ కయాక్ నుంచి గానీ వేయాలి.

ఏప్రిల్ నడిమికి గట్టు వెంట మల్బరీ చెట్ల పండ్లు నల్లబడి నీళ్ళలో రాలతాయి. కింద కార్ప్ కాచుకుని ఉంటుంది. హిందూపురం వైపు పట్టుపురుగుల కోసం పెంచే మల్బరీకి ఇది చుట్టమే. కొమ్మలు నీటి మీదికి వాలిన మల్బరీ చెట్టు ఒక్కటి కనిపెడితే ఆ రోజు పని సగం అయినట్టే. కార్ప్ అంటే కైకలూరు, భీమవరం చెరువుల్లో పెరిగే బంగారుతీగే. అక్కడ తవుడూ చెక్కా తిని పెరిగిన చేపను వలలో చూసినవాళ్ళు, గాలానికి తగిలిన బంగారుతీగ ఎలా లాగుతుందో ఊహించలేరు.

ఫ్లై కూడా పండే: 8 నంబరు కొక్కేనికి జింక వెంట్రుకలు గుండ్రంగా చుట్టి, సెంటీమీటరు లావున కత్తిరించి, చిక్కటి ఊదా రంగు వేసినది. లీడర్ 9 అడుగులు, కొన 1ఎక్స్. ఈ ఎక్స్ లెక్క గుర్తుంచుకోవడం తేలిక: 11 లోంచి ఎక్స్ సంఖ్య తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో దారం మందం వస్తుంది. 1ఎక్స్ అంటే 0.010 అంగుళం.

ఫ్లై మెత్తగా వాలకూడదు. పండు రాలినట్టు 'టప్' మనాలి. చేప ముందు రెండు అడుగుల దూరంలో పడేయండి, తల మీద పడితే బెదిరి వెళ్ళిపోతుంది. తర్వాత కదపకండి. పండు ఈదదు కదా! కార్ప్ నెమ్మదిగా తిరిగి, కింది నుంచి లేచి, తెల్లటి పెదాలు గొట్టంలా ముందుకు చాపి పండును పీలుస్తుంది. చూస్తున్న మనిషికి ఆ పెదాలు తెరుచుకోగానే చెయ్యి దానంతటదే లేస్తుంది. అప్పుడు లేపితే తెరిచిన నోట్లోంచి ఫ్లై అలాగే బయటికొచ్చేస్తుంది. నోరు మూసుకుని, తల కిందికి వంగేదాకా ఆగాలి. అప్పుడు రాడ్‌ను నెమ్మదిగా ఎత్తడమే, కొట్టడం కాదు. వెంటనే కాళ్ళ దగ్గర దారం మెలికలు లేకుండా చూసుకోండి. మొదటి పరుగు ముప్పై నలభై గజాలు ఉంటుంది, బొటనవేలికి చుట్టుకున్న దారం వేలు కోస్తుంది.

ఈ సరస్సులో జీబ్రా మస్సెల్ అనే గుల్లలు రాళ్ళకు పట్టుకుని ఉంటాయి, అంచులు బ్లేడులా ఉంటాయి. ప్రతి చేప తర్వాత చివరి రెండు అడుగుల దారాన్ని గోటి మధ్య జార్చి చూడండి. గరుకు తగిలితే కోసి మళ్ళీ కట్టండి. కయాక్ తెచ్చినవాళ్ళు ఇంటికి పోయేముందు నీరంతా ఒంపి ఆరబెట్టాలి. ఆ గుల్లల పిల్లలు కంటికి కనిపించవు, ఒక గ్లాసు నీళ్ళలో ఇంకో సరస్సుకు చేరిపోతాయి. నీరు ఒంపడం చట్టం కూడా.

ఇవే రోజుల్లో ఒడ్డు వార నీళ్ళలో పళ్ళెమంత తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, మధ్యలో ఒక లార్జ్‌మౌత్ బాస్ కదలకుండా ఉంటుంది. అది గుడ్లు కాస్తున్న మగచేప. దాని ముందు ఏది వేసినా కరుస్తుంది, ఆకలితో కాదు, కోపంతో. దాన్ని రెండు నిమిషాలు పైకి తీస్తే చాలు, చుట్టూ ఉన్న బ్లూగిల్ అనే చిన్న సన్‌ఫిష్ గుడ్లను ఊడ్చేస్తుంది. చట్టం ఒప్పుకున్నా దాన్ని వదిలేయాలని మా గట్టి మాట.

మూడో రోజు: మే నడిమి, కాస్టెల్ దగ్గర లానో నది. నీరు 74 నుంచి 78

ఏడాదిలో ఒక్క రోజే వీలవుతుంది అనేవాళ్ళు ఈ రోజునే ఎంచుకోవాలి. లానో ఊరు దాటి పడమరగా అరగంటలోపు వెళితే కాస్టెల్. గులాబీ రంగు గ్రానైట్ బండల మధ్య ఏరు పది పాయలుగా విడిపోయి పారుతుంది. మోకాలి లోతు నీళ్ళు, మధ్య మధ్య నడుము లోతు మడుగులు.

ముందు చట్టం. టెక్సస్‌లో సంగమం నుంచి ఎగువకు సగటున 30 అడుగుల వెడల్పున్న ఏరు జనానిది, దాని గర్భంలో ఎవరైనా నడవచ్చు. గట్టు మాత్రం పక్క పొలం యజమానిది. వంతెన దగ్గర దిగి, నీళ్ళలోనూ ఇసుకలోనూ నడుస్తూ పోవాలే గానీ గట్టెక్కి అడ్డదారిలో తిరిగి రాకూడదు. చెట్లకు నిలువుగా ఊదా రంగు గీతలు కనిపిస్తే, బోర్డు లేకపోయినా, లోపలికి రావద్దని చట్టప్రకారం చెప్పినట్టే.

తర్వాత నీటి మట్టం. గేజ్‌లో సెకనుకు 100 నుంచి 250 ఘనపుటడుగులు ఉంటే నడకకు హాయి. అకస్మాత్తుగా పైకి లేస్తున్న గీత కనిపిస్తే ఆ రోజు మానుకోండి. ఈ కొండల్లో మట్టి పలచన, కింద రాయి, పడిన వాన పడినట్టే ఏట్లోకి దూకుతుంది. 2018 అక్టోబరు 16న లానో ఊరి దగ్గర ఇదే ఏరు దాదాపు 40 అడుగులకు లేచింది, దిగువన కింగ్స్‌లాండ్ వంతెన కొట్టుకుపోయింది. 2025 జులై 4 తెల్లవారుజామున పక్కనున్న గ్వాడలూప్ ఏరు పొంగి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. తలమీద ఎండ కాస్తున్నా ఎగువన ఎక్కడో మబ్బు ఉరిమితే నీళ్ళలోంచి లేచి రావాల్సిందే. నీళ్ళు మట్టిరంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకురావడం మొదటి గుర్తులు.

నడక ఎప్పుడూ ఎగువకే. దిగువకు నడిస్తే కాళ్ళు లేపిన బురద మనకంటే ముందు చేప దగ్గరికి చేరుతుంది. గ్రానైట్ మీద సన్నటి నాచు సబ్బులా ఉంటుంది, అడుగు ఎత్తి వేయకుండా ఈడుస్తూ వేయండి. బండల వెనక ఇసుక పోగైన చోట కాలు మోకాలిదాకా దిగబడుతుంది, కర్రతో పొడిచి చూశాకే బరువు మోపాలి.

5 నంబరు రాడ్, ఏడున్నర అడుగుల లీడర్, కొన 3ఎక్స్, దానికి 8 నంబరు పాపర్. పాపర్ అంటే బెండు ముక్కకు దొప్పలాంటి మొహం చెక్కి, రబ్బరు కాళ్ళు పెట్టి, ఈక తోక కట్టినది. ఒడ్డు వార వాటర్ విల్లో మొక్కల అంచుకు అడుగు దూరంలో వేయండి. అది పడిన చోట ఉంగరాలు లేస్తాయి. మొదటి ఉంగరం మొక్కలను తాకుతుంది, రెండోది సాగుతుంది, మూడోది కనీకనపడకుండా చెదిరిపోతుంది. రబ్బరు కాళ్ళు మాత్రం సన్నగా వణుకుతూనే ఉంటాయి. నీరు మళ్ళీ అద్దంలా అయ్యేదాకా చెయ్యి కదపొద్దు. ఆ తర్వాత ఒక్క చిటికె, 'బ్లుప్'. మళ్ళీ ఆగడం. పాపర్ పడగానే చేప అదిరి రెండు అడుగులు వెనక్కి వెళ్ళి, అది ఏమిటా అని తిరిగి వస్తుంది. అది చేరేలోపే లాగేసేవాళ్ళు రోజంతా వట్టి నీళ్ళను కొడుతూ ఉంటారు. ఎక్కువ చప్పుడు చేస్తే ఎక్కువ చేపలొస్తాయనేది కూడా భ్రమే. ఈ నీళ్ళు పలచన, చిన్న శబ్దం చాలు.

ఇక్కడ మూడు రకాలు ముఖ్యం. నెమ్మది నీళ్ళలో రెడ్‌బ్రెస్ట్ సన్‌ఫిష్, నారింజపండు రంగు పొట్టతో అరచేయంత ఉంటుంది. తూర్పు తీరపు చేప, మనుషులు తెచ్చి వదిలితే ఇక్కడ స్థిరపడింది. 70 డిగ్రీలు దాటాక ఇసుకలో పళ్ళేల్లాంటి గూళ్ళు పక్కపక్కనే తవ్వి, ఎండాకాలమంతా దఫదఫాలుగా గుడ్లు పెడుతుంది. పాపర్ కొక్కెం మరీ చిన్నదైతే గొంతుదాకా మింగేస్తుంది, కాబట్టి 10 నంబరు కంటే సన్నది వద్దు. కొక్కెపు మొన దగ్గరి ఎదురు ముల్లును శ్రావణంతో నొక్కి చదును చేయండి, విప్పడం తేలిక.

రెండోది గ్వాడలూప్ బాస్, 1989 నుంచి టెక్సస్ రాష్ట్ర చేప. ప్రపంచంలో ఈ నడి టెక్సస్ ఏళ్ళలో తప్ప పుట్టదు. లార్జ్‌మౌత్ నిలిచిన నీళ్ళను కోరుకుంటే ఇది ప్రవాహాన్ని కోరుకుంటుంది. బండ వెనక వేగపు నీరూ నిలకడ నీరూ ఒరుసుకునే గీత మీద, నురుగు బుడగలు వరసకట్టే చోట ఉంటుంది. అక్కడికి పాపర్ కంటే 8 నంబరు నల్ల వూలీ బగ్గర్ (మెత్తటి ఈక తోకతో మునిగే ఫ్లై) మెరుగు, ఎగువకు వేసి ప్రవాహంతో పాటు రానిచ్చి చివర ఊపు తిరిగేటప్పుడు బిగువుగా పట్టుకోవాలి. గుర్తు: పైదవడ కంటి వెనక్కి దాటి పోదు, పక్కల మీద డైమండు ఆకారపు పచ్చటి మచ్చలు. 1970లలో వేరే ప్రాంతపు స్మాల్‌మౌత్ బాస్‌ను ఈ ఏళ్ళలో వదలడంతో రెండూ కలిసి సంకరమై, కొన్ని ఏళ్ళలో అసలు జాతి దాదాపు మాసిపోయింది. తర్వాత ప్రభుత్వమే శుద్ధ జాతి పిల్లలను పెంచి వదులుతూ వచ్చింది. ఎదురు ప్రవాహంలో ముప్పావు కిలో చేప లాగే తీరు చూశాక దీన్ని కూరకు కోసుకోవాలని అనిపించదు.

మూడోది రియో గ్రాండే సిక్లిడ్, నల్లటి ఒంటి మీద నీలి చుక్కలు. మన తిలాపియా కుటుంబమే. అమెరికాకు సొంతమైన సిక్లిడ్ ఇదొక్కటే. పాపర్‌ను పట్టించుకోదు. 12 నంబరు బరువు నింఫ్‌ను, అంటే నీటిపురుగు పిల్లను పోలిన మునిగే ఫ్లైని, అడుగున దాదాపు కదలకుండా ఉంచాలి. గూడు కాసేటప్పుడు ఫ్లైని తినదు, చెత్త ఊడ్చినట్టు పెదాలతో పట్టుకుని బయట పడేస్తుంది. దారం రెండంగుళాలు పక్కకు జరిగినట్టు కనిపించడమే సూచన.

మధ్యాహ్నం పాపర్ వెనక 18 అంగుళాల 4ఎక్స్ దారం కట్టి నింఫ్ వేలాడదీస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. పాపరే బెండులా పనిచేస్తుంది. అయితే విసురు బిగుతుగా ఉంటే రెండూ పెనవేసుకుంటాయి. వెనక్కి వేసినప్పుడు దారం పూర్తిగా చాచుకునేదాకా ఆగి, పెద్ద ఉచ్చుగా ముందుకు వేయండి. ముడిపడితే విప్పుతూ కూర్చోకండి, కోసేసి కొత్తది కట్టడానికి రెండు నిమిషాలు చాలు.

నాలుగో రోజు: ఆగస్టు, ఇంక్స్ సరస్సు. తెల్లవారుజామున 84

ఈ రోజు ఆరు గంటలకు మొదలై తొమ్మిదికి ముగుస్తుంది. 59 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పట్టుకోగలదు, 86 డిగ్రీల నీరు ఏడున్నరే. చేపకు మాత్రం వేడిలో ఎక్కువ కావాలి. ఎక్కువసేపు లాగించి, గాలిలో పైకెత్తి ఫోటోలు తీస్తే వదిలాక ఈదుకుంటూ పోయినట్టే కనిపించి లోతులో చనిపోతుంది. బలమైన కొన కట్టి త్వరగా రప్పించండి, నీళ్ళలోనే కొక్కెం విప్పండి.

ఇంక్స్ సరస్సులో నీటి మట్టం మారదు, కాబట్టి ఒడ్డు వార గడ్డి ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది. స్టేట్ పార్కులో డెవిల్స్ వాటర్‌హోల్ అనే వంపులో గులాబీ రాళ్ళు నిలువుగా నీళ్ళలోకి దిగుతాయి. పొద్దు తగలని నీడవైపున నురగముక్కతో చేసిన మిడత ఫ్లై వేయాలి. సూర్యకిరణం నీటిని తాకగానే చేప నీడతో పాటు జరుగుతుంది, మనమూ జరగాలి. పదింటికల్లా ఈతగాళ్ళు వచ్చేస్తారు, ఆ చోటు వాళ్ళకు వదిలేయడమే.

వేడి దారాన్ని కూడా పాడుచేస్తుంది. చన్నీటి ట్రౌట్ కోసం చేసిన దారం ఈ ఎండకు ఉడికిన సేమియాలా మెత్తబడి రాడ్ మీది రింగుల్లో అతుక్కుంటుంది, పది అడుగులు తక్కువ పడుతుంది. వెచ్చనీటి దారం అని ప్రత్యేకంగా గట్టి పూతతో అమ్మేది తీసుకోవాలి. దోమల మందులోని డీట్ ఈ పూతను కరిగిస్తుంది. రాసుకున్నాక అరచేతులు సబ్బుతో కడిగి, ఆ తర్వాతే దారం ముట్టుకోండి. మూసిన కారులో రాడ్లూ రీళ్ళూ వదిలేయకండి.

అయిదో రోజు: అక్టోబరు చివర, ఆస్టిన్ దిగువ కొలరాడో. నీరు 66 నుంచి 70

ఊరు శుద్ధి చేసిన మురుగునీరు ఆస్టిన్ దిగువన ఈ ఏట్లో కలుస్తుంది. ఆ పోషకాలతో నాచు, నాచుతో పురుగు, పురుగుతో చిన్న చేప, చివరికి లావుపాటి బాస్. గ్వాడలూప్ బాస్ ప్రపంచ రికార్డు, 3 పౌండ్ల 11 ఔన్సులు, 2014లో ఆస్టిన్ దిగువన ఇదే ఏట్లో ఫ్లైకే పడింది.

వెబ్బర్‌విల్ వైపు కయాక్ దింపి రోజుకు ఆరేడు మైళ్ళు పెట్టుకుంటే చాలు. అంతకు మించితే తెడ్డు వేయడంతోనే పొద్దు గడిచిపోతుంది. పైనున్న ఆనకట్టల నుంచి ఎంత నీరు వదులుతున్నారో దిగువ కొలరాడో నదీ ప్రాధికార సంస్థ వెబ్‌సైటులో పొద్దున్నే చూడండి. పెరుగుతున్న నీటిలో తిరుగుప్రయాణం అసాధ్యం, కాబట్టి రెండో కారు దిగువ రేవులో ముందే పెట్టుకోవాలి.

నీరు చల్లబడుతుంటే బాస్ చలికాలానికి ఒళ్ళు పెంచుకుంటూ షాడ్ అనే వెండిచేపల గుంపుల వెంట పడుతుంది. 7 నంబరు రాడ్, 12 పౌండ్ల లాగుడు తట్టుకునే కొన, రెండున్నర అంగుళాల తెలుపూ బూడిదరంగూ కలిసిన స్ట్రీమర్, అంటే చిన్న చేపను పోలిన ఫ్లై. గ్వాడలూప్ బాస్‌కు కంకర దిబ్బల అంచున వేగపు నీటిలో, లార్జ్‌మౌత్‌కు ఒడ్డున పడిపోయిన చెట్ల మధ్య. చెట్టు దగ్గర వేసేటప్పుడు ఒకటే సూత్రం: కొమ్మలకు ఎగువన వేసి, దారాన్ని నీరే లోపలికి తీసుకెళ్ళనివ్వాలి. నేరుగా గుబురులోకి వేస్తే మూడింట్లో రెండు ఫ్లైలు అక్కడే ఉండిపోతాయి. ఉత్తరపు చలిగాలి వచ్చే ముందు రోజు మధ్యాహ్నం, మబ్బు పట్టినప్పుడు, బాస్ విరివిగా తింటుంది. గాలి వచ్చి ఆకాశం తేటపడ్డ మర్నాడు మాత్రం నోరు కుట్టేసినట్టు ఉంటుంది. సెలవు పెట్టేముందు వాతావరణం చూసుకోండి.

ఆరో రోజు: జనవరి మొదట్లో. నీరు 48

చలిగాలి వెళ్ళి మూడు రోజులు ఎండ కాశాక, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యే పని. లానోలో అన్నిటికన్నా లోతైన మడుగు, ఉత్తరపు ఒడ్డున ఎండకు వేడెక్కే బండ. 12 నంబరు నింఫ్ ఇరవై లెక్కపెట్టి దింపి, దారాన్ని వేళ్ళకు ఎనిమిది అంకెలా చుట్టుకుంటూ లాగాలి. నిమిషానికి రెండు గజాలు మించకూడదు. రెండు గంటల్లో మూడు సన్‌ఫిష్‌లు పడితే మంచి రోజు. చలికాలంలో ఊరి చెరువుల్లో రాష్ట్రప్రభుత్వం రెయిన్‌బో ట్రౌట్‌ను వదులుతుంది. వాటిని తిరిగి వదిలినా ఎండాకాలం దాటవు, కాబట్టి రోజుకు అయిదు దాకా నిశ్చింతగా ఇంటికి తెచ్చుకోవచ్చు.

మిగిలిన పొద్దు ఇంట్లో పాపర్లకు. పావు అంగుళం కంటే తక్కువ లావు బెండు నీళ్ళలో మునుగుతుంది, అర అంగుళం దాటితే 5 నంబరు దారం మోయలేదు. అంగుళంలో 3/8 వంతు లావు, అర అంగుళం పొడవు సరిపోతుంది. కాడ మధ్యలో మెలిక ఉన్న 8 నంబరు పాపర్ కొక్కేనికి ముందు దారం చుట్టండి. చుట్టకుండా జిగురు పెడితే రెండో చేపకే బెండు కాడ చుట్టూ తిరుగుతుంది. బెండు పొట్టన రంపపు బ్లేడుతో లోతు తక్కువ గాడి కోసి, ఎపాక్సీ నింపి, కొక్కెం కాడను గాడిలో పైపైనే పెట్టండి. లోతుగా దించితే బెండు కొక్కెపు నోటిని నింపేస్తుంది, చేప పట్టినా మొన గుచ్చుకోదు. రంగు రెండు పూతలు, ఆరాక సూదితో రబ్బరు కాళ్ళు. చివరి పూత గట్టిపడటానికి రెండు రోజులు పడుతుంది. అంతకుముందే డబ్బాలో సర్దితే కాళ్ళు రంగుకు అతుక్కుని కరిగిపోతాయి, మేలో లానో ఒడ్డున డబ్బా తెరిచేసరికి ఒక్కదానికీ కాళ్ళు మిగలవు.